సారా కేసు అప్పీలు: సీసా నడిచిన దారి

చెన్నై తంబుచెట్టి వీధిలోని మా వకీలు ఆఫీసుకు తెలుగువాళ్ళు ముఖ్యంగా రెండు పనుల మీద వస్తారు. ఆస్తి తగాదాలవాళ్ళు దస్తావేజులూ, పాసు పుస్తకాలూ, తాతల నాటి వీలునామాలూ సంచీ నిండా తెచ్చుకుంటారు. సారా కేసులో శిక్ష పడినవాళ్ళ తాలూకు మనుషులు మాత్రం తీర్పు నకలు ఒక్కటే పట్టుకొని వస్తారు. అది తమిళంలో ఉంటుంది, అందులో వాళ్ళకు అర్థమయ్యేవల్లా శిక్షాకాలాన్నీ జరిమానానూ తెలిపే అంకెలే. సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు, నగరి వైపుల నుంచి వచ్చి చెన్నై శివార్లలో డ్రైవర్లుగానో, మూటలు మోసేవాళ్ళుగానో, ఇటుక బట్టీల కూలీలుగానో బతికేవాళ్ళు వీరిలో ఎక్కువ. "అప్పీలు వేస్తే బయటికొస్తాడా సార్?" అన్నది మొదటి ప్రశ్న. నేను వెంటనే జవాబు చెప్పను. సరుకు పట్టుకున్నప్పుడు రాసిన మహజరు, ఆ సరుకును కోర్టుకు పంపిన ఫారం, రసాయన పరీక్ష నివేదిక, ఈ మూడూ తెప్పించుకొని పక్కపక్కన పెట్టి చదివాక చెబుతానంటాను. ఈ రకం అప్పీళ్ళు చాలావరకు ఆ మూడు కాగితాలు ఒకదానితో ఒకటి పొసగుతాయా లేదా అన్నదాని మీదే తేలతాయని నా నమ్మకం.

వీధి వీధికీ టాస్మాక్ అనే ప్రభుత్వ సంస్థ మద్యం దుకాణం ఉన్న తమిళనాడులో మద్య నిషేధం కేసేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళు ఉన్నారు. ఆశ్చర్యం సహజమే. 1937 నాటి నిషేధ చట్టం ఇక్కడ ఇంకా అమలులోనే ఉంది. దాని నాలుగో సెక్షను మద్యాన్ని తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం, అమ్మడం అన్నింటినీ నేరమనే అంటుంది, లైసెన్సూ పర్మిటూ ఉన్నచోట మినహాయిస్తుంది. 1983లో ఏర్పడి, 2003 నుంచి చిల్లర అమ్మకాలను కూడా చేతిలోకి తీసుకున్న టాస్మాక్ ఆ మినహాయింపు కిందే నడుస్తోంది. పైగా ఇది తెలుగువాళ్ళకు పరాయి చట్టమేమీ కాదు. రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడే దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలింది కూడా నిషేధం గొడవ మీదే. తరువాత దూబగుంట ఆడవాళ్ళ ఉద్యమం, 1995 నాటి సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు మన తరానికి తెలిసినవే. ఆ కథ అలా ఉంచుదాం.

నాలుగో సెక్షనులోనే అప్పీలు వకీలు మొట్టమొదట చదవవలసిన ఇంకో మాట ఉంది. నిందితుడి దగ్గర దొరికిన మద్యానికి అతడు తృప్తికరమైన లెక్క చెప్పలేకపోతే, నేరం అతడు చేసినట్టే కోర్టు భావిస్తుంది. కాదని చూపవలసిన బాధ్యత అతడిది. దీన్ని చూసి నిస్పృహ చెందే జూనియర్లు ఉన్నారు. అయితే ఆ భావన తనంతట తాను పుట్టదు. దొరికినది నిందితుడి దగ్గరే దొరికిందనీ, దొరికినది చట్టం చెప్పే మద్యమేననీ ప్రాసిక్యూషన్ రుజువు చేసిన తరువాతే అది మొదలవుతుంది. ఈ తేడాను నాకు స్పష్టంగా నేర్పింది పెసికాకా కేసు. 1951లో బొంబాయిలో ఒక ప్రభుత్వోద్యోగి నడుపుతున్న జీపు ముగ్గురిని గుద్దింది. నోట మద్యం వాసన వచ్చిందని ఆయన మీద అక్కడి 1949 నాటి నిషేధ చట్టం కింద కూడా కేసు పెట్టారు. తాను తాగింది ఆల్కహాలు కలిసిన టానిక్కు అని ఆయన వాదం. మేజిస్ట్రేటు వదిలేశారు, ప్రభుత్వం అప్పీలు చేయగా హైకోర్టు నెల రోజుల కఠిన శిక్షా 500 రూపాయల జరిమానా విధించింది. మందుల్లో కలిసే మద్యానికి ఆ నిషేధం చెల్లదని బల్సారా కేసులో సుప్రీంకోర్టు అప్పటికే తేల్చి ఉన్నందున, తాగింది నిషిద్ధమైన మద్యమేనని చూపవలసిన భారం ప్రాసిక్యూషన్ మీదే ఉంటుందని చెప్పి ఆ శిక్షను 1954లో కొట్టివేశారు. వాసన, తూలుతున్న నడక, తడబడే మాట, పెద్దవైన కనుపాపలు, ఇన్ని ఉన్నా వాటిని బట్టి మాత్రమే మనిషి తాగాడని తేల్చలేమని 1971లో అదే కోర్టు బచూభాయి కేసులో చెప్పింది. పాత కేసులే గానీ సెషన్సు కోర్టులో ఇప్పటికీ పనికొస్తాయి.

ఇక ఒక కేసు కాగితాల కట్టను దగ్గరగా చూపిస్తాను. ఊరు, స్టేషను పేర్లు అనవసరం. సరిహద్దుకు దగ్గరలో రాత్రి పదకొండున్నరకు లోడు ఆటోను ఆపి, 35 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు అయిదింటిలో నాటుసారా పట్టుకున్నారని కేసు. డ్రైవరు మనవాడే, సత్యవేడు వైపు మనిషి. మహజరు ప్రకారం ఒక క్యాను లోంచి 180 మిల్లీలీటర్ల సీసాలు రెండు నింపి, మూతకు గుడ్డ కట్టి, లక్కతో ముద్ర వేసి, మిగతా సారానంతా అక్కడే నేల మీద పారబోశారు. ఆ తరువాత నిందితుడితో సహా స్టేషనుకు వెళ్ళి ఎఫ్‌ఐఆర్ నమోదు చేశారు. ఇంతవరకు చదివితే లోపం కనబడదు. మహజరు మొదటి పుట పైభాగాన, కుడివైపు మూలన, మిగతా రాతలో కలిసిపోయిన అదే సిరాతో, కేసు క్రైమ్ నంబరు రాసి ఉంది. ఎఫ్‌ఐఆర్ పుట్టక ముందు, రోడ్డు పక్కన టార్చి వెలుగులో రాశామన్న కాగితం మీదికి ఆ నంబరు ఎలా వచ్చింది? తరువాత చేర్చామని అధికారి చెప్పి ఉంటే అదొక దారి. విచారణలో ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు. అడగకపోయినా కాగితం రికార్డులో ఉంది కాబట్టి అప్పీలులో చూపడానికి అభ్యంతరం ఉండదు.

సీసాల దారి అంతకంటే వంకరగా ఉంది. సరుకును కోర్టుకు పంపే ఫారం 95 మీద కోర్టు వేసిన ముద్రను బట్టి అవి మేజిస్ట్రేటు దగ్గరికి చేరింది ఆరో రోజున. ఆ అయిదు రోజులూ ఎక్కడ ఉన్నాయో, ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పే రిజిస్టరును దాఖలు చేయలేదు, దాన్ని భద్రపరచిన హెడ్ కానిస్టేబుల్‌ను సాక్షిగా పిలవలేదు. ఫోరెన్సిక్ నివేదిక చూస్తే, 375 మిల్లీలీటర్ల సీసా ఒకటి ముద్ర చెక్కుచెదరకుండా అందిందనీ, అందులో ఇథైల్ ఆల్కహాలు ఉందనీ రాశారు. రోడ్డు మీద నింపినది క్వార్టరు సీసా, ప్రయోగశాలలో తెరచినది హాఫ్ సీసా. మేజిస్ట్రేటు తీర్పులో ఈ నివేదిక గురించి ఒకే వాక్యం ఉంది: మద్యమేనని రసాయన పరీక్షలో రుజువైంది. రుజువైన మాట నిజమే, ఏ సీసాలోని మద్యం అన్నదే మిగిలిన ప్రశ్న. ఇక మిగతా నాలుగు క్యాన్ల మాటకొస్తే, వాటిలోంచి చుక్క కూడా పరీక్షకు వెళ్ళలేదు. గోవా నుంచి వచ్చిన ఒక చరస్ కేసులో, రెండు ముక్కలు దొరికితే ఒక ముక్కనే పరీక్షకు పంపినందువల్ల ఆ ముక్క బరువునే లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 1993లో అన్నది. మాదకద్రవ్యాల చట్టం వేరే అయినా తర్కం ఒకటే. నూట డెబ్బై అయిదు లీటర్లకు విధించిన శిక్ష ముప్ఫై అయిదు లీటర్ల రుజువు మీద నిలబడదని వాదించాను.

ఇలాంటి కేసుల్లో మహజరు సాక్షులు ఎదురు తిరగడం మామూలే. ఈ కేసులోనూ ఇద్దరూ తమకేమీ తెలియదన్నారు. కక్షిదారులు దానికి పెద్ద విలువ ఇస్తారు, నేను ఇవ్వను. పోలీసుల సాక్ష్యం ఒక్కటే ఉన్నంత మాత్రాన కేసు వీగిపోదు. ఫిర్యాదు రాసిన అధికారే దర్యాప్తు చేశాడన్న వాదనకు సుప్రీంకోర్టు 2018 తీర్పు వల్ల కొంతకాలం బలం వచ్చింది గానీ, 2020 ఆగస్టు చివర ముకేశ్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని సరిచేసింది. ఆ కారణం ఒక్కటే చాలదు, పక్షపాతం జరిగిందని కేసు వాస్తవాల నుంచి చూపాలి. అప్పీలు గ్రౌండ్లలో ఇప్పటికీ ఆ 2018 తీర్పునే అచ్చు గుద్దినట్టు దించేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

తమిళనాడు కేసుల్లో ఇంకో విశేషం అట్రోపిన్. కిక్కు కోసం సారాలో ఉమ్మెత్త గింజలు వేస్తారని పల్లెల్లో అందరికీ తెలుసు. ఉమ్మెత్తలోని విషాల్లో అట్రోపిన్ ఒకటి. రసాయన నివేదికలో ఆ పేరు కనబడిందంటే కేసు మామూలు రవాణా నేరం నుంచి 4(1-ఎ) కిందికి, అంటే విషం కలిసిన మద్యం నేరం కిందికి మారుతుంది, శిక్ష అమాంతం పెరుగుతుంది. అందుచేత ఆ నివేదికను మామూలు దాని కంటే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. ఎంత పరిమాణం ఉందో రాశారా, అంత పరిమాణం మనిషికి ఏం చేస్తుందో వైద్యుడి చేత చెప్పించారా, పరీక్ష పద్ధతి ఏమిటి అన్నవి చూసుకోవాలి. ప్రభుత్వ రసాయన నిపుణుడి నివేదికను ఆయన్ను బోనెక్కించకుండానే సాక్ష్యంగా స్వీకరించవచ్చు. కావాలంటే నిందితుడి తరఫున ఆయన్ను పిలిపించమని కోరవచ్చు, ఆ కోరిక కోరేవాళ్ళు అరుదు. మద్రాసులో రసాయన పరీక్షకుడి ప్రయోగశాల 1849లోనే పెట్టారు. అంత పాత సంప్రదాయం ఉన్నచోట, నివేదిక అంటే ప్రశ్నించరాని వేదవాక్కన్న భావన కింది కోర్టుల్లో పాతుకుపోయింది.

కళ్ళకురిచ్చిలో 2024 జూన్‌లో మిథనాలు కలిసిన సారా తాగి అరవై మందికి పైగా చనిపోయాక, అదే నెలలో ప్రభుత్వం చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. ఆ చావులు చూసినవాళ్ళెవరూ పెంచవద్దనరు, నేనూ అనను. కేరళలో 2000 నాటి కల్లువాతుక్కల్ దుర్ఘటనలో 31 మంది చనిపోతే, ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అక్కడ విషం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో ప్రాసిక్యూషన్ మెట్టు మెట్టుగా చూపింది. మామూలు కేసుల్లో ఆ శ్రమ కనబడదు. శిక్షను ఎంత పెంచినా, అయిదు రోజులు సీసా ఎక్కడుందో చెప్పే ఒక్క పేజీ లేకపోతే ఆ శిక్ష అప్పీలులో నిలబడటం కష్టం.

ఇప్పటిదాకా చెప్పినదంతా విచారణ జరిగిన కేసుల మాట. అసలు ఎక్కువమంది విషయంలో విచారణే జరగదు. "ఒప్పేసుకో, ఫైను కట్టి పోదువు" అన్న సలహా వరండాలోనే దొరుకుతుంది. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో తప్ప, నేరం చేయలేదని అప్పీలు చేసే హక్కు ఉండదు. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు 375లో ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 416గా కొనసాగుతోంది. ఈ సంగతి వరండా సలహాదారులు చెప్పరు. నాయుడుపేట దగ్గరి నుంచి వచ్చిన ఒక తల్లి నా ఎదుట కూర్చుని చెప్పిన మాటలు ఇవి: "వాడికి ఈ భాషే రాదు నాయనా. జడ్జిగారు ఏందో అడిగినారంట. పక్కనున్నాయన దణ్ణం పెట్టమంటే పెట్టినాడు. దానికే ఒప్పుకున్నాడని రాసేసినారంట."

"అడిగినప్పుడు తెలుగులో చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఎవురుంటారు నాయనా? నేనేమో బయట ఉన్నా."

ఒప్పుకోలును నిందితుడు వాడిన మాటల్లోనే, వీలైనంత దగ్గరగా రాయాలని చట్టం. ఆమె కొడుకు ఫైలులో చక్కని తమిళంలో ఒక వాక్యం ఉంది. అదే రోజు అదే కోర్టులో ఒప్పుకున్న ఇంకొకరి ఫైలు చూస్తే అక్షరం తేడా లేకుండా అదే వాక్యం. తమిళం రాని మనిషి నోటి నుంచి అది వచ్చే అవకాశం లేదు కాబట్టి, అసలు ఒప్పుకోలే జరగలేదు గనుక 416 అడ్డు రాదని వాదించడానికి అక్కడ చోటు దొరికింది. అందరికీ దొరకదు.

భాష విషయంలో నాకు ఎప్పుడూ వింతగా తోచే సంగతి ఒకటుంది. సారా కేసులు తరచు ఎదుర్కొనేవాడి మీద 1982 నాటి చట్టం కింద ముందస్తు నిర్బంధ ఉత్తర్వు వేస్తారు. జనం నోట అది "గూండాస్ వేశారు" అవుతుంది. దాని మీద వేసేది అప్పీలు కాదు, హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధం అక్రమమని, మనిషిని విడిపించమని కోరే పిటిషన్. నిర్బంధానికి కారణాలను నిర్బంధితుడికి తెలిసిన భాషలో ఇవ్వాలని 1962లోనే హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది; గుజరాతీ తప్ప రానివాడికి ఇంగ్లీషు కాగితమిచ్చి నోటితో వివరించామంటే చాలదని లల్లూభాయి కేసులో చెప్పింది. కనుక తెలుగు మాత్రమే చదవగలవాడికి ముఖ్యమైన కాగితాలు తమిళంలోనే ఇస్తే నిర్బంధ ఉత్తర్వు కూలిపోతుంది. అదే మనిషికి, అదే సరుకు మీద మేజిస్ట్రేటు వేసిన శిక్ష విషయంలో మాత్రం, భాష రాకపోవడం వల్ల న్యాయం దెబ్బతిన్నదని విడిగా చూపితే తప్ప అప్పీలు కోర్టు కదలదు. ఏడాది నిర్బంధానికి ఉన్న రక్షణ మూడేళ్ళ జైలుకు లేదు. నిజానికి ఖైదు శిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలనీ, కోరితే వీలైనంతవరకు అతడి భాషలో అనువాదం ఇవ్వాలనీ చట్టంలో ఉంది. కోరమని చెప్పేవాళ్ళే కావాలి. నేను చెబుతాను, గుమాస్తాలు విసుక్కుంటారు, అయినా దరఖాస్తు పెట్టిస్తాను.

గడువుల గురించి క్లుప్తంగా చెబుతాను. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్సు కోర్టుకు 30 రోజులు, సెషన్సు కోర్టే విచారించి ఇచ్చిన తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు. నకలు కోసం కోర్టు తీసుకున్న రోజులు లెక్కలోంచి పోతాయి. శిక్ష మూడేళ్ళకు మించక, నిందితుడు అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకునేందుకు శిక్ష వేసిన కోర్టే విడిచిపెట్టవచ్చు. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, న్యాయసేవల సంస్థ నుంచి ఉచితంగా వకీలును కోరవచ్చు. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్సులో వేసిన అప్పీలు ఓడితే మళ్ళీ అప్పీలు ఉండదు, హైకోర్టులో రివిజనే. అక్కడ సాక్ష్యాలను మొదటి నుంచి తూచరు. కనుక మొదటి అప్పీలే అసలైనది. వకీలు రాకపోయినా క్రిమినల్ అప్పీలును గైర్హాజరు కింద కొట్టివేయరాదనీ, రికార్డు చదివి గుణదోషాల మీదే తీర్పు చెప్పాలనీ 1996 నాటి బానీ సింగ్ కేసులో ఉంది. పిలిచినప్పుడు ఎవరూ లేరని బెంచి మీద కట్ట పక్కకు పెట్టబోతున్న వేళ ఆ పేరు ఎత్తితే చాలు.

చట్టం చేసేటప్పుడే కోర్టుల మీద పడే భారాన్ని లెక్కించాలన్నది వకీళ్ళ గొణుగుడు మాత్రమే కాదు. 2016 నాటి బీహారు నిషేధ చట్టం ముందుచూపు లేని శాసనానికి ఉదాహరణ అని, దానివల్ల హైకోర్టు బెయిలు దరఖాస్తులతో నిండిపోయిందని, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ 2021 డిసెంబరులో విజయవాడ సభలో అన్నారు. మరుసటి ఏడాది బీహారు ప్రభుత్వం మొదటిసారి తాగి దొరికినవాళ్ళను జరిమానాతో వదిలేలా చట్టాన్ని మార్చుకుంది. బెయిళ్ళ రద్దీ వార్తల్లోకి ఎక్కింది. అప్పీళ్ళ రద్దీ ఎక్కదు, ఎందుకంటే అప్పీలు దాకా వచ్చేవాళ్ళే తక్కువ.

లోడు ఆటో డ్రైవరు అప్పీలును సెషన్సు జడ్జిగారు అనుమతించారు. క్యాన్ల లెక్క దాకా వెళ్ళనే లేదు. సీసా పరిమాణంలో తేడా, ఆరో రోజున కోర్టుకు చేరిక, ఈ రెండింటికే సంశయ లాభం ఇచ్చి శిక్ష రద్దు చేశారు. ఆటో మాత్రం రాలేదు. వాహనాన్ని జప్తు చేసే ఉత్తర్వు క్రిమినల్ కేసుతో సంబంధం లేకుండా వేరే అధికారి ఇస్తారు, దాని మీద వేసుకునే అప్పీలుకు గడువు వేరే. ఆ ఉత్తర్వు అతడు జైల్లో ఉన్న రోజుల్లో ఇంటికి వెళ్ళింది. తమిళంలో ఉన్న కవరును భార్య ఫైనాన్సు కంపెనీ నోటీసనుకొని పక్కన పడేసింది. ఆలస్యాన్ని మన్నించమని వేసిన పిటిషను ఇంకా విచారణకు రావలసి ఉంది. దానికి జతగా ఆ కవరును, దాని తెలుగు అనువాదాన్ని దాఖలు చేశాం.